హంస మెడ

జయరాజు అట్టలకు రంధ్రాలు కొట్టే యంత్రాన్ని నూనెగుడ్డతో తుడిచి, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గద్వాలలోని ఆ డిజైన్ కేంద్రంలో పన్నెండేళ్లుగా అదే కుర్చీ, అదే నడుం నొప్పి. చీర కొంగు బొమ్మను సర్వర్‌లోంచి తీసి అట్టల మీద కొట్టిస్తాడు. నేతగాళ్లు వాటిని వరుసగా కుట్టి మగ్గానికి ఎక్కించుకుంటారు.

సర్వర్ నుంచి బొమ్మ రావడానికి రెండు పద్ధతులు. టీసీపీది మహా చాదస్తం, ప్రతి ముక్కా అందిందని జవాబు వచ్చేదాకా ఊరుకోదు. యూడీపీ పంపేసి చేతులు దులుపుకుంటుంది, ముక్క దారిలో పోయినా, తారుమారైనా పట్టించుకోదు. పాత తీగల మీద టీసీపీ నత్తనడక నడుస్తుంటే వరండాలో నేతగాళ్లు విసుక్కునేవాళ్లు. రెండు నెలల కిందట జయరాజు యూడీపీకి మార్చాడు. అందరూ మెచ్చుకున్నారు, అతనూ మురిసిపోయాడు.

పోయిన వారం రాజోలి భీమన్న నేసిన చీర తిరిగొచ్చింది. కొంగులో హంస మెడ విరిగింది. ముసలాయన కళ్లు పోయాయని, అట్టలు వరుస తప్పి కుట్టాడని అందరూ తేల్చేశారు. జయరాజుకు మాత్రం మనసు నిలవలేదు. ఈ ఉదయం తాను అట్టల మీద కొట్టించిన ఆ బొమ్మను సర్వర్‌లోని అసలుతో పోల్చాడు. హంస మెడలో వేరే బొమ్మ ముక్క వచ్చి కూర్చుంది. తప్పు భీమన్నది కాదు, యూడీపీది, దాన్ని పెట్టిన తనది.

అప్పుడే భీమన్న అట్టల కట్టతో లోపలికి వచ్చాడు.

"ఇగో జయరాజూ, నీ అట్టలు. మగ్గం ఇప్పేసిన. హైదరాబాద్‌ల బిడ్డ తాన ఉంట."

"గట్లెట్ల మామా? జర ఆగు..."

"ఏం ఆగాలె? నలబై ఏండ్ల పని. నా కండ్లే నన్ను మోసం జేసినయి."

చెప్పాలి. చెబితే ఉద్యోగం పోతుంది, రెండు నెలల్లో కొట్టిన అట్టలన్నీ తిరిగొస్తాయి. నోరు తెరిచాడు. "నీళ్లు తాగుతవా మామా?" అన్నాడు. ఆ మాటకు తన మీద తనకే అసహ్యం వేసింది.

భీమన్న నవ్వాడు. కట్టలో ఒక అట్ట ఊడి వేలాడుతుంటే ఊరుకోలేక, జేబులోంచి సూది తీసి దారం ఎక్కించి, రెండు కుట్లు వేశాడు. మూడో కుట్టుకు బయట హైదరాబాద్ బస్సు హారన్ మోగింది. అన్నీ అక్కడే వదిలి గబగబా వెళ్లిపోయాడు.

జయరాజు సర్వర్‌ను టీసీపీకి మార్చాడు. బస్సు మలుపు తిరిగిన చప్పుడు వినిపించింది. బల్ల మీద అట్టలో భీమన్న సూది గుచ్చే ఉంది. కళ్లద్దాలు లేకుండా, ఒక్క ప్రయత్నంలో ఎక్కించిన దారంతో.