తారు పూసిన పేళ్లు

1939 ఎండాకాలం. ఎల్లారెడ్డి అడవిలో ఆ ఏడాది నరకవలసిన కూపులో ఏడు టేకు మొదళ్ల మీద సర్కారు ముద్ర కనిపించలేదు. ఏడూ లింబాద్రి నరికినవే. దుంగలు అప్పటికే బండ్లెక్కి కామారెడ్డి స్టేషనుకు వెళ్లిపోయాయి. ముద్ర లేని మొదలంటే దొంగనరుకుడే. మధ్యాహ్నం అడవి అధికారి అమీను సాబు తనిఖీకి వస్తాడు. దొంగ అనిపించుకున్నవాడి గొడ్డలికి మళ్లీ ఏ కూపులోనూ చోటుండదు.

"ముద్ర ఏది లింబాద్రీ?" అన్నాడు అడవి చౌకీదారు యాకూబు.

"నువ్వే కొడితివి గద సాబ్, నన్నడుగుతవేంది?"

"కొట్టిన. అమీను సాబుకు నా మాట చూపియ్యాల్నా, మొదలు చూపియ్యాల్నా?"

తప్పెక్కడ జరిగిందో లింబాద్రికి అప్పుడు తెలిసింది. నేలకు బెత్తెడెత్తున నరికితేనే టేకు మొదలు వానలకు గట్టి పిలకలు వేస్తుంది. ఎత్తుగా నరికితే ఆ పిలకలు గాలికి విరిగిపోతాయి. తండ్రి నేర్పిన పని అది, సర్కారు ఉత్తర్వూ అదే. ముద్ర మొదలు మీద మిగలాలన్నది కూడా ఉత్తర్వే. అయితే నడుము వంగని యాకూబు బెరడు చెక్కి, సుత్తితో ముద్ర కొట్టి, తారు పూసింది జానెడెత్తున. గొడ్డలి దాని కింద పడింది. ముద్ర ఉన్న చెక్కే గాటులోంచి పేడై ఎగిరిపోయింది.

కూపులో రాలిన పేళ్లు నరికినవాడి పొయ్యికే చెందుతాయి. పది రోజులుగా తల్లి భూదవ్వ వాటిని గంపలకెత్తుతూనే ఉంది.

లింబాద్రి గుడిసె దాకా ఎక్కడా ఆగలేదు. పొయ్యి మీద జొన్న గటక ఉడుకుతున్నది. కింద పేళ్లు భగభగ మండుతున్నాయి. అతను వాకిట్లోంచే అరిచాడు.

"అవ్వా, తారు పూసిన పేళ్లు పొయ్యిల వెట్టినవా?"

"ఒక్కటి వెట్టిన. గటకంత తారు కంపు. నీ బిడ్డ ముద్ద ముట్టలే. సగం కాలినంక గుంజి వాకిట్ల పారేసిన."

"కడమయి?"

"నీళ్లు కాగవెడుదమంటె ఎండలు ముదిరె, ఎవలు పోసుకుంటరు? ఆ కంపుకు పురుగు రాదని అన్ని కోళ్లగూటి కింద ఏసిన. ఏందిరా, గూటి కింద చెయ్యి వెడితివి?"

అమీను వచ్చేసరికి ఏడు పేళ్లూ ఏడు మొదళ్ల పక్కన ఉన్నాయి. ఆయన వంగి ఒక్కొక్కటే ఆనించి చూశాడు. కుండకు మూతలా కుదిరాయి. సగం కాలినదాని మీద కూడా సగం ముద్ర మిగిలింది.

"ముద్రకు పైన నరికితే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు.

"పిలక విరుగుతది సాబ్."

అమీను మొదలును చూసి యాకూబు వైపు తిరిగాడు. "ఇకమీద నేలకానించి కొట్టు."

"వంగితె లేవరాదు సాబ్."

"లింబాద్రి లేపుతడు."

ఆ సాయంత్రమే మిగిలిన చెట్లకు కొత్త ముద్రలు పడ్డాయి. చెట్టు చెట్టుకూ యాకూబు మూలుగుతూ వంగాడు, లింబాద్రి చంకల కింద చేతులు వేసి లేపాడు. మనిషి బరువైనవాడే, లింబాద్రికి ఆ పూట బరువనిపించలేదు.