కత్తెరతో కలిపి యాభై కిలోలు

ఆ పిండి కలపడం నా పని. తాగడం మాత్రం ఇంటిల్లిపాది పని.

క్లినిక్‌లో నెలకోసారి ఇస్తారు, నీలం ప్యాకెట్. వేయించిన గింజలు, పప్పులు, పాలపొడి కలిపి ఆడించిన పిండి. పాలిచ్చే తల్లులకి, అందులోనూ నాలాంటి తల్లులకి. నాలాంటి అంటే ఏమిటో చెప్పేస్తాను, నలభై దాటాక ఇంకా నాకు దాపరికాలేమిటి? నాకు హెచ్.ఐ.వి. ఉంది. రిపోర్టులో పాజిటివ్ అని రాశారు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో నా గురించి ఎవరైనా కాగితం మీద పెట్టిన పాజిటివ్ మాట అదొక్కటే.

మా ఆయనకీ ఉంది. పదేళ్ళ కిందట ఇద్దరికీ ఒకే రోజు పరీక్ష, ఒకే రోజు ఫలితం, రోజూ చెరో మాత్ర. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని మేం తవ్వుకోలేదు. మా అత్తగారు తవ్వకుండానే తేల్చేసింది. మర్నాడు పొద్దున్నే నా కంచం మీదా, గ్లాసు మీదా గోళ్ళరంగుతో ఎర్రగా గీత గీసి పెట్టింది. మా ఆయన కంచానికి గీత లేదు. "అదేంటత్తయ్యా, ఆయనకీ అదే కదా?" అంటే, "వాడి సంగతి వేరు" అంది. వైరస్‌కే తెలియని తేడా ఏదో ఆవిడకి తెలిసింది! కంచాల వల్ల, గ్లాసుల వల్ల ఇది అంటుకోదని క్లినిక్ సిస్టర్ ఆవిడని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. "నిజమేనమ్మా, నిజమే" అని తలూపి ఇంటికొచ్చి గీత మీద ఇంకో పూత వేసింది మా అత్తగారు.

అంత జాగ్రత్త గల మనిషి, నా ప్యాకెట్ దగ్గరికొచ్చేసరికి జాగ్రత్తంతా మూట కట్టి అటక మీద పెట్టేస్తుంది. నా చేత్తో విప్పి, నా చేత్తో కలిపిన పిండికి మాత్రం ఏ అంటూ లేదు. "నాకు కాస్త పల్చగా కలుపు, అమ్మాయ్. చక్కెర మర్చిపోకు." మా ఆయన బస్సు డ్రైవరు. "పది గంటలు స్టీరింగ్ తిప్పాలి, నాకు గట్టిగా కలుపు" అంటాడు. తోడికోడలు పిల్లలతో వస్తే వాళ్ళకో గ్లాసు చొప్పున. ప్యాకెట్ మీద 'తల్లికి మాత్రమే' అని ఇంత లావు అక్షరాలు. ఆ లెక్కన మా ఇంట్లో అందరూ తల్లులే, నేను తప్ప. నెలకి సరిపడా పిండి పది రోజుల్లో అందరి పాలయ్యేది, నా పాలు పాప పాలయ్యేవి, నా వంతుకి గిన్నె గీకుడు మిగిలేది. పిండి పేరుతో పిండేది నన్నే అని నాలో నేను నవ్వుకునేదాన్ని. నవ్వు పాపకి పాలవదు కదా. పదిహేనేళ్ళూ అలాగే గడిపేశాను. ఏ చేదునైనా ఓ జోకులో ముంచి మింగడం, పైగా రుచిగా ఉందని నన్ను నేనే మెచ్చుకోవడం.

పాపకి నాలుగు నెలలు. రోజూ మాత్ర వేసుకుంటున్నాను, వైరస్ పరీక్షకి దొరకనంత తగ్గిపోయింది కాబట్టి, నా పాలే ఇమ్మన్నారు. ఆరు నెలల దాకా నీళ్ళు కూడా పట్టొద్దు, పాలే. ఏ ప్రమాదమూ ఉండదని కాదు, చాలా చాలా తక్కువ. "మాత్ర మానకు, పరీక్ష తప్పించకు, తిండి తగ్గించకు" అంటుంది సిస్టర్. మూడింట్లో మొదటి రెండూ నా చేతిలో ఉన్నాయి. మూడోది నా చేతిలోంచి గ్లాసుల్లోకి పోతోంది.

పోయిన నెల తూకం ఎక్కితే నలభై ఎనిమిది. సిస్టర్ గొంతు మైకులాంటిది. "ఏంటమ్మా, తగ్గిపోతున్నావ్? ఇచ్చిన పిండి తినట్లేదా? నీ కోసం కాకపోయినా పిల్ల కోసమైనా తినాలా వద్దా?" వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ నావైపు తిరిగారు. ఇంట్లోవాళ్ళు తినేస్తున్నారని ఎలా చెప్పను? "పెట్టుకునే చేతులు నీవే కదా" అంటే? బరువు తగ్గిన చోటే పరువూ తగ్గింది. అందుకని ఈ నెల ఒక ఘనకార్యం చేశాను. నాది టైలరింగు షాపు. లోపలి లంగాకి, బయటికి కనపడకుండా, రెండు జేబులు కుట్టుకున్నాను. జేబుదొంగల గురించి అందరూ విన్నారు, దొంగజేబు కుట్టుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. అందులో నా పెద్ద కత్తెర, గుడ్డ జరక్కుండా పెట్టుకునే ఇనప బిళ్ళలు నాలుగు. మొత్తం మూడు కిలోలు. నడుస్తుంటే తాళాల గుత్తి వేసుకున్న జైలరమ్మలా చప్పుడు. పాపని చంకనేసుకుని, గట్టిగా దగ్గుతూ క్లినిక్‌లోకి వెళ్ళాను.

ముందు పాపని తూచారు. బాగా పెరిగింది. తర్వాత నేను ఎక్కాను.

"యాభై!" అంది సిస్టర్. "చూశారా, తింటే ఎలా పుంజుకుందో!" వరసంతా నన్ను మెచ్చుకోలుగా చూసింది. నేను కూడా ఒక్క క్షణం నన్ను మెచ్చుకున్నాను. అప్పుడు సిస్టర్ నా కార్డు మీద గీత కొట్టి, "ఇంక నీకు పిండి అక్కర్లేదు. ప్యాకెట్లు తక్కువొస్తున్నాయి, ఇంకా చిక్కిపోయినవాళ్ళకి ఇస్తాం" అని నా నీలం ప్యాకెట్ తీసి వెనక్కి పెట్టింది.

పదిరోజులకే అయిపోయే పిండి, నాకు గీకుడే మిగిలే పిండి, కానీ అది కూడా లేకపోతే? పిల్ల పెరుగుతోంది, నేను తరుగుతున్నాను. నా ఎముకల్లోంచి తీసి దానికి పోస్తున్నాను. ఇంకో రెండు నెలలు దాని వంటిల్లు నేనే. వంటిల్లే ఖాళీ అయిపోతే?

"సిస్టర్, ఒక్క నిమిషం" అన్నాను. పాపని పక్కావిడ చేతికిచ్చి, గోడవైపు తిరిగి, దొంగజేబుల్లోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాను. కత్తెర. బిళ్ళ. బిళ్ళ. బిళ్ళ. బిళ్ళ. మళ్ళీ తూకం ఎక్కాను. నలభై ఏడు.

క్లినిక్కంతా ఒక్కసారి గొల్లుమంది. సిస్టర్ నవ్వు ఆపుకోలేక నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "కత్తెరకి ఏం పెడుతున్నావమ్మా, దిట్టంగా ఉంది?" అని, తర్వాత నవ్వు తగ్గించి, మొదటిసారి మైకు లేని గొంతుతో అడిగింది. "మరి పిండి ఎవరు తింటున్నారు?"

ఎన్ని జోకులు వచ్చాయో నోటి దాకా! ఒక్కటీ వెయ్యలేదు. "అందరూ" అన్నాను. "నేను తప్ప."

ఎవరూ నవ్వలేదు. పాపని ఎత్తుకున్న పక్కావిడ నెమ్మదిగా, "మా ఇంట్లోనూ అంతే" అంది. వెనకనుంచి ఇంకెవరో, "మా ఇంట్లో గుడ్డూ అంతే" అన్నారు. సిస్టర్ కార్డు మీద యాభై కొట్టేసి కొత్తగా నలభై ఏడు వేసింది. ప్యాకెట్ నా చేతిలో పెట్టి, "ఇది పలహారం కాదు. నీ మాత్రకి తోడు. నీ మాత్ర ఎవరికైనా పంచుతావా?" అంది.

ఇంటికెళ్ళేసరికి మా అత్తగారు గ్లాసు పట్టుకుని సిద్ధంగా ఉంది. "తెచ్చావా? నాకు కాస్త పల్చగా."

"ఇది నాది, అత్తయ్యా" అన్నాను.

"అంటే?"

"నాది అంటే నాది. మీరు గీసిన గీత కంచానికి కాదు, దీనికి కావాలి. ఇవాళ్టి నుంచి ఈ ప్యాకెట్ గీతలో ఉంది."

మా ఆయన పేపరు దించాడు. "పెద్దావిడ, ఒక్క గ్లాసుకి ఏమవుతుంది?"

"నాలుగు నెలల్లో నేను మూడు కిలోలు తగ్గాను. ఒక్కో గ్లాసుకి అదే అయింది. మనిద్దరిదీ ఒకే జబ్బు, ఒకే మాత్ర. మీ కంచం గీత లేకుండా పదేళ్ళుగా తింటోంది, నా కంచం గీతతో ఎండుతోంది. మీకెప్పుడైనా అడగాలనిపించిందా?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, తల వంచుకున్నాడు. ఆయన్ని అలా చూడటం బాధగా ఉంటుందనుకున్నాను. లేదు, హాయిగా ఉంది.

మర్నాడు పొద్దున్న స్టవ్ మీద ఇంట్లోవాళ్ళ కాఫీకి పాలు పెట్టి, ప్యాకెట్ విప్పి, గిన్నె నిండా గట్టిగా కలుపుకున్నాను. ఒక గుడ్డు ఉడకేసుకున్నాను. బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఒళ్ళో పాప పాలు తాగుతోంది, నేను పిండి తింటున్నాను. అది నన్ను చూస్తూ తాగుతోంది, నేను దాన్ని చూస్తూ తింటున్నాను. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో నేను కూర్చుని తినడం ఎవరూ చూడలేదనుకుంటాను, అత్తగారూ ఆయనా ఇద్దరూ గుమ్మంలో నిలబడిపోయారు.

"అమ్మాయ్, పాలు పొంగుతున్నాయే!" అని కేకేసింది మా అత్తగారు, నావైపే చూస్తూ. ఆవిడ కదల్లేదు. ఆయనా కదల్లేదు.

"అవునత్తయ్యా, పొంగుతున్నాయి. దింపండి" అని ఇంకో చెంచా నోట్లో పెట్టుకున్నాను.