ఐదు రివెట్లు

1982. భారీ యంత్రంతో ట్రైలర్ లారీ రావడానికి ఇంకా పావుగంటే ఉంది. హార్బర్ వెనక, గెడ్డ వాగు మీది పాత ఇనుప వంతెన కింద నజీర్, దూలాలను కలిపి బిగించే రివెట్లు తనిఖీ చేస్తున్నాడు. రివెట్ వదులైతే దాని కింద ఎర్రగా తుప్పు కారుతుంది. ఇరవై ఏళ్లుగా ఆ చారలు చూసే కనిపెట్టేవాడు. అధికారులు వస్తున్నారని నిన్ననే వంతెనంతా వెండి రంగు పూశారు. చారలన్నీ మాయం.

ఇక వేలే దిక్కు. రివెట్ అంచున వేలు ఆనించి, ఇంకో పక్కన సుత్తితో కొట్టాలి. వదులైతే వేలి కింద అదురుతుంది.

మూడు దూలాలు కలిసే మూలలో ఐదు రివెట్లు అదిరాయి. దూలాలు త్రికోణాలుగా అమర్చిన ఆ వంతెనలో బరువును ఒక దూలం ఇంకో దూలానికి అందిస్తుంది. ఒక్క అతుకు వీడితే మొత్తం కూలుతుంది.

నజీర్ పైకి పరుగెత్తాడు. స్టీల్ ప్లాంటుకు యంత్రం మోసుకెళ్తున్న ట్రైలర్ అప్పటికే వంతెన దగ్గరికి వచ్చేసింది.

"ఆపు బావా!"

డ్రైవర్ జాన్‌బాబు నవ్వాడు. "ఏటి బావా, వంతెన కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతంది కదా!"

"నేను చూశాను, పోనివ్వు!" అని వంతెన పక్కన నిలబడ్డ ఇంజనీరు శుభాకర్ అరిచాడు. "నజీర్, తప్పుకో. లేకపోతే రేపట్నుంచి పనిలోకి రాకు."

నజీర్ ట్రైలర్ ముందునుంచి కదల్లేదు. "నా మాట నమ్మకు బావా. దిగొచ్చి నీ ఏలెట్టి సూడు."

జాన్‌బాబు గొణుక్కుంటూ వంతెన కిందికి దిగాడు. వెనకే దిగిన నజీర్ సుత్తి రెండుసార్లు మోగింది. జాన్‌బాబు చటుక్కున వేలు లాక్కున్నాడు. పైకొచ్చి, ఇంజను ఆపి, తాళంచెవి శుభాకర్ ముందు చాపాడు.

"మీరు సూసారు కదా సార్. మీరే తోలండి."

శుభాకర్ చెయ్యి చాపలేదు. బండి వెనక్కి తియ్యమన్నాడు.