నీళ్ళకు లొంగని ఎరుపు

నేను ఒక రంగుని. చేతులూ కాళ్ళూ లేవు, ఒకచోట కుదురుగా ఉన్నదీ లేదు. సముద్రంలో కంటికి ఆనని నాచులో పుట్టాను. పుట్టీ పుట్టగానే ఒక చిన్న పురుగు నన్ను మింగింది, దాన్ని ఒక రొయ్య మింగింది. రొయ్య పెంకులో ఒక మాంసకృత్తు నన్ను గట్టిగా వాటేసుకుంది. దాని పట్టులో నీలమో బూడిదో తెలియకుండా, ఎప్పుడు బయటపడతానా అని కొట్టుకుంటూ గడిపాను.

ఒకరోజు వల పడింది. భీమిలి అవతల పేటలో రాజులమ్మ మమ్మల్ని మరిగే ఉప్పునీళ్ళలో పోసింది. ఆ వేడికి పట్టు సడలి, ఒక్కసారిగా ఎర్రబడ్డాను. మంట వల్ల వచ్చిన రంగనుకుంటారు మనుషులు. మొదటినుంచీ లోపలే ఉన్నానని ఎవరికీ తట్టదు.

ఉడికిన రొయ్యల్ని వలమీద ఎండబెడతారు. ఆ రోజు వల చిరిగి ఉంది. ఎండ పోతుందన్న తొందరలో రాజులమ్మ తన కొత్త ఎర్రకోక ఇసుకమీద పరిచి, తడి రొయ్యల్ని దానిమీదే పోసేసింది. కోక రంగు దిగి మా ఒంటికి అంటుకుంది; ఎరుపుమీద ఎరుపు కనక ఆమెకు తెలియలేదు.

అంతకుముందు వారమే సంతలో ఎవరో వెలిసిన రొయ్యలకు రంగు పూసి అమ్మారట. అందుకే, పదేళ్ళుగా రాజులమ్మ దగ్గరే కొంటున్న తౌడమ్మ ఈ వారం సంతలో గుప్పెడు రొయ్యలు నీళ్ళ చెంబులో వేసి చూసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి.

"నువ్వు కూడా రంగేసీసినావేటి, రాజులప్పా?"

"నేదే! కొత్తకోక మీద ఆరబోసీసినాను. అదే దిగిపోనాది."

"కొత్తకోక మీద రొయ్యలు ఎవుర్తి ఆరబోస్తాదే?"

చుట్టూ జనం నవ్వారు. ఆ మాట సంతంతా పాకితే ఇక రాజులమ్మ గంపను ఎవరూ ముట్టరు. ఆమె చెంబులోని రొయ్యల్ని నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగింది. పక్కనే పకోడీలు వేస్తున్న అప్పలకొండ దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, గరిటెడు వేడినూనె తీయి. తౌడమ్మా, నువ్వూ సూడు. రొయ్య రంగు నీళ్ళకి రాదు, నూనెకే వస్తాది. వెలిసిపోనవైతే నూనెకీ రాదు. కూర వండినదానివి, నీకు తెల్దా?"

నాకు గుబులు పట్టుకుంది. రెండు రోజుల ఎండ నన్ను సగం తినేసింది. మిగిలిన సగం సరిపోతుందా? గరిటెలో పడగానే ఉన్నదంతా కూడగట్టుకుని నూనెలోకి జారాను. నూనె అంచునుంచి మొదలై కాషాయం రంగు తిరిగింది.

తౌడమ్మ గరిటెలోకి తొంగిచూసి సంచీ చాపింది. "సరే, ఇందల పొయ్యి."

రాజులమ్మ గంపమీద గుడ్డ కప్పేసింది. "ఇయ్యి కోక తాగీసిన రొయ్యలు. తినొద్దు. వచ్చే సంతకి మంచివి తెస్తాను."

"అయితే నాకే అట్టిపెట్టు. ఈసారి కోక నువ్వు కట్టుకో, రొయ్యలకి కట్టకు."

నూనె పారబొయ్యడానికి మనసొప్పక అప్పలకొండ రొయ్యల్ని ఏరేసి, గరిటెను మళ్ళీ మూకుడులో వంచేశాడు. నేను ఆ వాయి పకోడీల్లోకి ఎక్కాను. ఇంకా చల్లారకుండానే ఒకాయన పొట్లం విప్పి, ఒక పకోడీని వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పాడు.

"ఏటి అప్పలకొండా, ఈయేల ఎర్రగున్నాయి? రంగేసీసినావేటి?"