గరిటెతో పిలుపు

అన్నం ఉడకగానే మొదటి పిడికెడు నియెమ్ తన గళ్ల కండువా కొసన మూట కట్టుకుంది. ఆ తర్వాతే కుండ వడ్డించే బల్ల మీదికి చేరింది.

"దొంగతనం అయిందా అత్తా? కుండ మనదేగా!" కోడలు మాలిస్ నవ్వింది.

"నీ మొగుడి వాటాలోంచే తీశాన్లే," అంది నియెమ్ చేపల పులుసులో నిమ్మగడ్డి వేస్తూ.

పల్చటి మనిషి. ముందు పళ్లు రెండు లేవు. చేతుల నిండా కాలిన మచ్చలు. పొద్దున్నే బౌద్ధ విహారం వైపు తిరిగి దండం పెట్టుకోవడం, మెకాంగ్ నది రేవుకొచ్చేవాళ్లకు వండి పెట్టడం, గిన్నెలు తోముకోవడం. ఆమె బతుకంతా అదే. అన్నం మూట మాత్రం ఒంటిని వదలదు.

ఇవాళ మాలిస్ తన చెల్లెలి పెళ్లికి అవతలి ఒడ్డుకు వెళ్లాలి. కిందటి వానల్లో పడవ ఒరిగి నీళ్లలో పడ్డప్పటినుంచి ఆమె మళ్లీ పడవెక్కలేదు. మనిషి ఒంట్లో ఉంటాయని పెద్దలు చెప్పే పంతొమ్మిది ప్రాణాల్లో కొన్ని బెదిరి అక్కడే ఉండిపోయాయని నియెమ్ తేల్చేసింది.

మధ్యాహ్నం రేవులో నిలబడి, కూర గరిటెతో గాలిని తోడి కోడలి మీద ఒంపింది. "మాలిస్ ప్రాణాల్లారా, నానింది చాలు, రండమ్మా! పెళ్లి విందుంది!" అని పిలిచి, కోడలి మణికట్టుకు నూలుదారం కట్టింది.

"మామ్మా, పంతొమ్మిదింటికీ నా పడవలో చోటు లేదు!" పడవవాడు అరిచాడు.

మాలిస్ దారం తడుముకుంటూ నవ్వింది. "మరి నీ ప్రాణాల్నెప్పుడు పిలుస్తావత్తా?"

"నీది ఒక్కరోజు, ఒక్కచోట పడ్డ భయం. ఇక్కడ పిలిస్తే వినపడుతుంది. నా ప్రాణం, తుపాకులవాళ్లు పొలం పొలం తిప్పి వెట్టి చేయించి గంజినీళ్లు పోసిన ఆ ఏళ్లన్నిట్లో చుక్కచుక్కగా కారిపోయింది. ఏ గట్టున నిలబడి పిలవనే?" బుద్ధుడికైనా తెలుసో లేదో అనుకుని, వెంటనే చేతులు జోడించింది.

మాలిస్ ఆమె చేతిలోంచి గరిటె లాక్కుంది. కళ్లు మూసుకుని పడవెక్కింది. పడవ కదిలాక అంచు పట్టుకుని లేచి, గరిటె పైకెత్తింది.

"మా అత్త ప్రాణాల్లారా! ఏ పొలంలో ఉన్నా ఇంటికి రండి! కుండ నిండా అన్నముంది! రేపూ ఉంటుంది!"

రేవంతా గొల్లున నవ్వింది. నియెమ్ కండువాతో కళ్లు తుడుచుకుని, దాన్ని రేవు గుంజకు తగిలించి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచింది.

"నా గరిటె తిరిగి తేవే! పులుసు చేత్తో పొయ్యనా!"

పడవ చిన్నదైపోయింది. నియెమ్ తనలో తాను నవ్వుకుంటూ, సాయంత్రం పొయ్యి వెలిగించడానికి ఇంటికి నడిచింది.

గుంజ మీద గళ్ల కండువా గాలికి ఎగురుతోంది. పిడికెడు అన్నం బరువుకు ఒక్క కొస మాత్రం కదలడం లేదు.