పొద్దుటి పాటలు, దిగిపోయే బ్యాటరీ

పెద్దాడి కారు మళ్ళీ మొరాయించింది. తాళం తిప్పితే టకటకమంది తప్ప ఇంజన్ అందుకోలేదు. పక్కింటాయన తన కారు పక్కన పెట్టి వైర్లు తగిలిస్తే గానీ కదల్లేదు. చూస్తే వాడి చెల్లెలు చిన్నదానికి నెలలు నిండాయి. నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది ఈ కారే. అమ్మ ఊహలో కారు అప్పటికే సగం దారిలో ఆగిపోయింది, వాన మొదలైంది, ఎవరి ఫోనూ కలవడం లేదు.

"పెద్ద బ్యాటరీ వేయించేస్తానమ్మా. ఇంక దిగులుండదు," అన్నాడు పెద్దాడు.

"డిక్కీలో ఆ పెట్టె ఎక్కించిన దగ్గర్నుంచే నాకు దిగులు. నేనూ వస్తాను పద."

ఆ పెట్టె అంటే ట్రంకు పెట్టెంత స్పీకరు, దాని పక్కన యాంప్లిఫయరు. సెలవులన్నీ తగలేసి వాడు సొంతంగా బిగించుకున్నాడు. అది మోగితే ఎదురింటి కిటికీ అద్దాలు కూడా తాళం వేసేవి.

కార్లకి కరెంటు పని చేసే మీటరు బాబాయి షెడ్డుకి వెళ్ళారు. చేతిలో మీటరు లేకుండా ఎవరితోనూ మాట్లాడడని అతనికి ఆ పేరు.

"బ్యాటరీ సంగతి తర్వాత. రోజూ ఈ కారుని ఏం చేస్తున్నారో చెప్పండి," అన్నాడు.

అమ్మ కాస్త గర్వంగానే చెప్పింది. "నేను ఏమరుపాటుగా ఉండే మనిషిని కాదన్నయ్యా. బ్యాటరీ ఎక్కడ దిగిపోతుందోనని రోజూ పొద్దున్నే గుమ్మం ముందే ఇంజన్ ఆన్ చేయిస్తున్నాను. ఛార్జింగ్ ఎక్కుతుందని."

"ఆ కాసేపూ మీవాడేం చేస్తాడు?"

"పాటలు పెట్టుకుంటాడు. ఊరికే కూర్చోమంటే కూర్చుంటాడా?"

బాబాయి నవ్వు బిగబట్టి బానెట్ ఎత్తాడు. ఇంజన్ నడిపించి మీటరు పెడితే అంకె పద్నాలుగు వోల్టుల దగ్గర నిలబడింది.

"ఇప్పుడు నీ కచేరీ మొదలెట్టు," అన్నాడు పెద్దాడితో.

షెడ్డు రేకులు దడదడలాడాయి. దరువు పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు రెప్పలార్చాయి. అంకె పన్నెండు దాకా జారింది. అమ్మ ఎందుకైనా మంచిదని రెండడుగులు వెనక్కి వేసింది.

"బ్యాటరీని నింపేది ఇదమ్మా, ఆల్టర్నేటర్. రోడ్డు మీద ఇంజన్ జోరుగా తిరిగితే ఇదీ దండిగా ఇస్తుంది. నిలబెట్టి నడిపితే ఇచ్చేది తక్కువ. మీవాడి పెట్టె అంతకన్నా ఎక్కువ తాగుతోంది. ఆ తేడా బ్యాటరీలోంచి పోతోంది."

"అంటే, నేను రోజూ పొద్దున్నే..."

"దగ్గరుండి ఖాళీ చేయిస్తున్నావు చెల్లెమ్మా."

పెద్దాడు పకపకా నవ్వబోయి, అమ్మ చూపు చూసి సగం నవ్వు మింగేశాడు.

"పెద్ద బ్యాటరీ వేస్తే, బాబాయ్?" అన్నాడు.

"ఇంకాస్త ఆలస్యంగా దిగుతుంది, అంతే. నింపేది ఇదే కదా. పెద్ద ఆల్టర్నేటర్ వేసి, తీగలు కూడా లావువి మార్చాలి. సరుకు రావడానికి వారం పడుతుంది. అందాకా యాంప్లిఫయరు ఫ్యూజు పీకెయ్యి."

"ఆదివారం మావాళ్ళందరూ వినడానికి వస్తున్నారు. సౌండు తగ్గించి పెట్టుకుంటే?"

"తగ్గిస్తే సరిపోతుంది. నువ్వు తగ్గిస్తావా?"

మామూలుగా అయితే అమ్మ ఈపాటికి ఇల్లు పీకి పందిరి వేసేది. ఆ రోజు మాత్రం మెల్లగా అంది: "వెనక సీట్లో నీ చెల్లెలు నొప్పులు పడుతుంటే, తాళం తిప్పాల్సింది నువ్వేరా."

పెద్దాడు డిక్కీ తెరిచి ఫ్యూజు తనే పీకాడు. బాబాయి బ్యాటరీని ఛార్జరుకి తగిలించాడు. అది నిండేదాకా అమ్మ అక్కడున్న స్టూలు మీంచి లేస్తే ఒట్టు. ఎవరైనా మధ్యలో స్విచ్ కట్టేస్తారేమోనని ఆమె భయం.

ఆదివారం రాకముందే, ఒక మధ్యాహ్నం చిన్నది గోడ పట్టుకుని నిలబడిపోయింది. అందరూ హడావిడిగా కారెక్కారు. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

"ఇంత తొందరగా ఎలా స్టార్టయిందిరా? లోపల ఏదైనా కాలిపోలేదు కదా?"

"స్టార్టవకపోతే ఒక భయం, అయితే ఇంకో భయం. ముందు తలుపు వెయ్యమ్మా," అంది చిన్నది, నొప్పి మధ్యలోనే.

దారంతా అమ్మ ఒక చెవి కూతురి మూలుగుకీ, ఒక చెవి ఇంజనుకీ ఇచ్చింది. ఆసుపత్రి గుమ్మం ముందు పెద్దాడు తాళం మీద చెయ్యి వేశాడు.

"ఆపకురా. ఆపితే మళ్ళీ అందుకుంటుందో లేదో."

"అందుకోకపోయినా ఫరవాలేదమ్మా. వచ్చేశాం," అన్నాడు వాడు, చెల్లెలి వైపు తలుపు తీయడానికి దిగుతూ.