అతని గీత

చామాకు కాడలకి నార తీస్తున్నాను. ఆదివారం ముప్పైమందికి కాలలూ కూర వండాలంటే రెండు పెద్ద బేసిన్ల చామాకు కావాలి. నార సరిగ్గా తీయకపోతే తినేవాళ్ళకి గొంతు దురద, తీస్తే నాకు చేతులు దురద. రెండో దురద సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చెక్క గోడకి అవతల, ముందు షెడ్డులో, నా భర్త కెర్విన్ పాస్కల్, ఒక పత్రిక నుంచి వచ్చిన అమ్మాయితో మాట్లాడుతున్నాడు.

"ఇన్ని బొమ్మలు ఎలా తడతాయండీ మీకు?" అని అడిగిందా అమ్మాయి.

"ఏం చెప్పమంటావమ్మా. కళ్ళు మూసుకుంటే చాలు, ఒక్కో ఆకూ వచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఇంక నా చెయ్యి నా మాట వినదు."

అతని మాట వినని ఆ చెయ్యి అప్పుడు చామకాడకి నార తీస్తోంది. ఎనిమిదేళ్ళుగా పాస్కల్ బ్యాండు గోడ మీదికెక్కిన ప్రతి బొమ్మా గీసిన చెయ్యి అది, నాది. బ్యాండంటే వాయించేవాళ్ళు కాదు, కార్నివాల్లో వేషాలు కట్టి ఆడే గుంపు. మా ముందు షెడ్డే దాని క్యాంపు. ఫిబ్రవరిలో కార్నివాల్ రెండు రోజులూ జనం వేసుకుని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో ఆడే వేషాలు అక్కడే తయారవుతాయి. జూలైలోనే ఒక్కో వేషానికీ బొమ్మ గీసి గోడకి పెడతాం. లాంచ్ రోజున వచ్చినవాళ్ళు బొమ్మలు చూసి, నచ్చిన వేషానికి పేరు రాయించుకుని వెళతారు. బొమ్మ బాగుంటేనే బ్యాండుకి మనుషులు వస్తారు. లేకపోతే పక్కవీధి బ్యాండుకి పోతారు.

అమ్మాయి వంటింట్లోకి తొంగి చూసింది. "ఈవిడ?"

"మా ఆవిడ జోసాన్. మా అందరి కడుపులూ ఆవిడ చేతిలోనే ఉన్నాయి. ఈ వయసులో కాలేజీకి కూడా వెళ్తోంది తెలుసా."

"అవునా? ఏం చదువుతున్నారండీ?"

"బొమ్మలు గీయడం," అన్నాను.

"మీకేం తక్కువ. గురువుగారు ఇంట్లోనే ఉన్నారు," అని నవ్వింది. కెర్విన్ కూడా నవ్వాడు. మా అత్తగారు మిస్ ఉనా పూసలు గుచ్చుతున్న చోటి నుంచే నవ్వింది. నేను బేసిన్లో నీళ్ళు మార్చాను. నవ్వడం చేతకాక కాదు. కాలేజీ వాళ్ళు శుక్రవారం పంపిన కాగితం నా ఏప్రన్ జేబులో ఉంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో నేను పెట్టిన బొమ్మలు ప్రసిద్ధ డిజైనర్ కెర్విన్ పాస్కల్ పనికి నకళ్ళుగా కనిపిస్తున్నాయనీ, మంగళవారం పదింటికి కమిటీ ముందుకొచ్చి సంజాయిషీ ఇవ్వాలనీ, వీలైతే మిస్టర్ పాస్కల్ దగ్గర నుంచి ఒక ఉత్తరం తెచ్చుకోవాలనీ అందులో ఉంది. నా బొమ్మలు నేను కాపీ కొట్టానట. సంజాయిషీ సరిపోకపోతే మూడేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే.

కెర్విన్‌ని చేతకానివాడు అనను. తీగ వంచడంలో మా బెల్మాంట్ పేట మొత్తంలో అతనికి సాటి లేరు. నేను కాగితం మీద గీసిన రెక్కని మనిషి భుజాల మీద నిలబడి ఊగే రెక్కగా చేసి చూపిస్తాడు. కానీ చేతికి పెన్సిల్ ఇస్తే అతను గీసిన కోడిని అందరూ కుక్క అనుకుంటారు. పెళ్ళయిన రెండో ఏడు, అప్పటిదాకా గీసిన ఆర్టిస్టు గొడవ పెట్టుకుని వెళ్ళిపోయాడు. "ఈ ఒక్క ఏడాదికీ గీసిపెట్టు జో," అన్నాడు కెర్విన్. గీశాను. మూలన నా పేరు రాయబోతే చెయ్యి పట్టుకుని, "జనం పాస్కల్ పేరు చూసి వస్తారు. నీ పేరు చూసి ఎవరొస్తారు చెప్పు?" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. అంతటితో ఊరుకున్నానా, అతని పేరులోని కె, పి అక్షరాలని మెలితిప్పి తేనెపిట్టగా మార్చి, బ్యాండుకి గుర్తు తయారుచేశాను. మొగుడి పేరుని ముద్దుగా పిట్టని చేసి ప్రతి బొమ్మ మూలనా నా చేత్తోనే కూర్చోబెట్టాను. ఆ పిట్ట ఇప్పుడు టీషర్టుల మీదా, జెండాల మీదా, మా వ్యాను తలుపు మీదా ఉంది. అందరి మీదా వచ్చే కోపం ఒక ఎత్తు, అది తల్చుకున్నప్పుడు నా మీద నాకొచ్చేది ఒక ఎత్తు.

ముప్పైనాలుగో ఏట కాలేజీలో చేరాను. క్యాంపులో వంట ఆగకూడదు, బొమ్మలు ఆగకూడదు, ఆ రెండూ అయ్యాక ఏమైనా చదువుకోవచ్చు అని ఇంట్లో ఒప్పందం. క్లాసులో పక్కన కూర్చునేవాళ్ళకి ఇరవయ్యేళ్ళు. నన్ను ఆంటీ అంటారు, నా దగ్గర పెన్సిళ్ళు అడిగి తీసుకుంటారు, తిరిగివ్వరు. చివరి ఏడాది ప్రాజెక్టు ఏమిటంటే, ఇంతవరకూ చేసిన పనుల్లోంచి కొన్ని ఏరుకుని, ఏ ఆలోచన ఎక్కడ పుట్టిందో నిజాయితీగా రాసి, అందులోంచి ఎవరి బ్రాండు వాళ్ళు తయారు చేసుకోవాలి. "బొమ్మ చూడగానే, కింద పేరు చదవక్కర్లేకుండానే, ఇది ఫలానావాళ్ళదని జనానికి తెలిసిపోవాలి. బ్రాండంటే అదీ," అని మా మిస్ గిటెన్స్ చెప్పింది. పిల్లలందరూ బుద్ధిగా రాసుకున్నారు. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నా గీత ఊరందరికీ తెలుసు. అది నాదని తప్ప.

అందుకే ఆ ప్రాజెక్టులో నిజం రాశాను. ఎనిమిదేళ్ళ బొమ్మలు పెట్టాను, తేనెపిట్ట లేకుండా. ఈ ఏటి బ్యాండుకి ఆకుమందులని పేరు పెట్టింది నేనే. టోకోలో మా అమ్మమ్మ పెరట్లో ఉన్న ఆకులన్నీ అందులో ఉన్నాయి. జ్వరానికి కాచే నిమ్మగడ్డి, కడుపునొప్పికి తాగించే జెబాపిక్, దిష్టికి స్నానం చేయించే ఆకులు. జెబాపిక్ చేదు నోట్లోంచి రెండు రోజులు పోదు. ఆ చేదుకి ఏ ఆకుపచ్చ వెయ్యాలో తేల్చుకోవడానికి నాకు వారం పట్టింది. కెర్విన్‌కి నిమ్మగడ్డికీ పిచ్చిగడ్డికీ తేడా తెలియదు. ఇదంతా పద్దెనిమిది పేజీలు రాశాను. నేను, నాకు, నా అని అన్నిసార్లు ఒకేచోట రాయడం నా జన్మలో అదే మొదలు.

మిస్ గిటెన్స్ గురువారం నన్ను పిలిపించింది. ఆవిడ టేబులు వెనకాల గోడకి మా బ్యాండు పోస్టరే ఉంది. మూడేళ్ళ కిందట గీశాను అది, జ్వరంతో.

"ఆరేళ్ళుగా నేను ఆ బ్యాండులోనే ఆడుతున్నాను జోసాన్. ఆ గీత నాకు కొత్త కాదు. ఎక్కడ చూసినా చెప్పేస్తాను. ఇది కెర్విన్ గీత."

"గీసింది నేను, మిస్. చిత్తుప్రతులు కూడా చూపిస్తాను."

"ఒకే ఇంట్లో ఉంటారు కదా. అతని చిత్తుకాగితాలు నీ చేతికి రాకుండా ఎలా ఉంటాయి?" ఆవిడ నా భుజం మీద చెయ్యేసింది. "చూడు, నీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆడవాళ్ళం మనం మొగుళ్ళ నీడలో ఎన్నాళ్ళుంటాం? నీదంటూ ఒకటి వెతుక్కో."

ఆ భుజం ఇప్పటికీ మండుతోంది. తిట్టినా పడేదాన్ని. జాలిపడింది. నా బొమ్మని గోడకి తగిలించుకుని, నా బొమ్మ వేషం ఆరేళ్ళు ఒంటి మీద వేసుకుని ఎగిరి, నాదంటూ ఒకటి వెతుక్కోమని నాకే బోధ చేసింది. కళ్ళనీళ్ళు వచ్చాయి. పశ్చాత్తాపం అనుకున్నట్టుంది, కాగితపు రుమాలు ఇచ్చింది.

శుక్రవారం కాగితం రాగానే కెర్విన్‌కి చూపించాను. తీగ కత్తిరిస్తూనే చదివాడు.

"ఇప్పుడా? వచ్చే శనివారం లాంచ్ పెట్టుకుని?"

"రెండు ముక్కలు రాస్తే చాలు. బొమ్మలు నావని."

"రాస్తే అది కాలేజీలోనే ఉంటుందా? ఆ గిటెన్స్ మన బ్యాండు మనిషి. రేపీపాటికి బెల్మాంట్ అంతా చెప్పుకుంటారు, పాస్కల్ పెళ్ళాం చేత గీయించుకుంటున్నాడని."

"గీయించుకుంటున్నావుగా."

"నీదీ నాదీ అని వేరుగా ఉందా జో మన మధ్య?"

"లేకపోతే నా పేరు పెట్టు."

"అదేం మాట," అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు. తీగ ముక్క ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. "పన్నెండు వేషాల్లో ఆరే అయ్యాయి. ముందు మిగతా ఆరూ చూడు. గోడ సగం ఖాళీగా ఉంటే నా పరువేం కావాలి?"

మిస్ ఉనా అంతా వింటూనే ఉంది. అతను బయటికెళ్ళాక సూది మీంచి కళ్ళెత్తకుండా అంది, "వాళ్ళ నాన్న కట్టిన రాజు వేషాలకి ఒక్కో పూసా నేను కుట్టాను పిల్లా. నలభై ఏళ్ళు. నా పేరెక్కడైనా రాశారా? రాయలేదని చచ్చిపోయానా?"

చచ్చిపోలేదు. చూపు సగం పోయింది, బొటనవేలు వంగి అలాగే ఉండిపోయింది, చచ్చిపోవడం మాత్రం జరగలేదు. ఆవిడ ఏ ఏడు ఏ వేషానికి ఎన్ని పూసలు కుట్టిందో ఇప్పటికీ వరసగా చెప్పగలదు. ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. ఇంకో పాతికేళ్ళకి నేను ఆ కుర్చీలో కూర్చుని, ఎవరో పిల్లతో ఇదే మాట, ఇదే గొంతుతో, గర్వంగా చెబుతాను కాబోలు అనిపించేసరికి ఒళ్ళంతా కోపం కమ్మింది.

సోమవారం మధ్యాహ్నం ఉత్తరం ఇచ్చాడు. తేనెపిట్ట ఉన్న కాగితం మీద టైపు చేయించాడు. "నా భార్య శ్రీమతి జోసాన్ పాస్కల్ నా పర్యవేక్షణలో బొమ్మలకు రంగులు వేయడంలో సహకరిస్తున్నారని ధ్రువీకరిస్తున్నాను. చదువు నిమిత్తం ఆమె వాటిని వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు."

"రంగులా?" అన్నాను.

"రంగులు నువ్వేగా వేస్తావ్. అబద్ధమేం రాయలేదు కదా. ఇది చూపిస్తే నిన్ను వదిలేస్తారు, పాసైపోతావ్, నా పేరూ నిలబడుతుంది. అందరికీ మంచిదే." బుగ్గ గిల్లాడు. "ఆ ఆరూ బుధవారానికల్లా ఇచ్చెయ్యాలి సుమా."

చింపి మొహాన కొట్టలేదు. మూడేళ్ళు గుర్తొచ్చాయి. బస్సులో నిలబడి చదివిన పుస్తకాలు, గరిటె తిప్పుతూ కంఠతా పట్టిన తారీకులు, చేతులు కడుక్కుని పరుగెత్తి ఎప్పుడూ పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళిన క్లాసులు. ఈ ఒక్క కాగితం ఇస్తే డిగ్రీ చేతికొస్తుంది. ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మంగళవారం పొద్దున్నే లేచి బేక్ రొట్టెలు వేయించి, ఉప్పుచేప వండిపెట్టి, వంటింట్లోనే బట్టలు ఇస్త్రీ చేసుకుని కాలేజీకి వెళ్ళాను. గదిలో ముగ్గురున్నారు. మధ్యలో అధ్యక్షుడు, ఒక పక్క మిస్ గిటెన్స్, ఇంకోపక్క రాసుకోవడానికి ఒకావిడ. నా పద్దెనిమిది పేజీలూ టేబులు మీద ఉన్నాయి.

"మిస్టర్ పాస్కల్ దగ్గర నుంచి ఏమైనా తెచ్చారా?" అన్నాడు అధ్యక్షుడు.

ఇచ్చాను. మిస్ గిటెన్స్ పైకి చదివింది. చదువుతుండగానే ఆవిడ మొహం తేటపడింది.

"రంగులా! ఈ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా నాతో."

అధ్యక్షుడికీ పని తేలికైంది. "ఇంకేముంది, అతనికే అభ్యంతరం లేనప్పుడు మేం పెద్దది చేయం. ఈ పేజీలు తీసేసి, రంగుల గురించి కొత్తగా నాలుగు పేజీలు రాసివ్వండి. బొమ్మలు మిస్టర్ పాస్కల్‌వని ఇక్కడో వాక్యం రాశాం. కింద సంతకం పెట్టండి చాలు." పెన్ను నా వైపు జరిపాడు.

పెన్ను తీసుకున్నాను. ఎనిమిదేళ్ళలో నా బొమ్మల సంగతి రాసి, సంతకం పెట్టమని నన్నొకరు అడగడం అదే మొదటిసారి. అవి నావి కావని ఒప్పుకోవడానికి. కెర్విన్ మీదా, మిస్ గిటెన్స్ మీదా, నా మీదా ఇన్నాళ్ళూ విడివిడిగా వచ్చిన కోపమంతా ఒక్కటైపోయింది. పెన్నుకి మూత పెట్టి వెనక్కి జరిపాను. ఉత్తరం తీసుకుని మళ్ళీ సంచిలో వేసుకున్నాను.

"ఇది అబద్ధం. తేవడం నాది తప్పు. నేను రాసిన పద్దెనిమిది పేజీలే నిజం."

"జోసాన్, బాగా ఆలోచించుకో," అంది మిస్ గిటెన్స్. "ఇది లేకపోతే నిన్ను ఫెయిల్ చేయాల్సి వస్తుంది."

"ఆలోచించుకున్నాను మిస్."

"పోనీ వేరే రుజువేమైనా ఉందా మీ దగ్గర?" అన్నాడు అధ్యక్షుడు. "గడువిస్తాం. ఏం తేగలరు?"

"నేనేమీ తేను. గీశానని రుజువు తెమ్మని నన్నే అడుగుతున్నారు. అతన్ని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు." లేచి నిలబడ్డాను. "శనివారం సాయంత్రం మీ ముగ్గురూ మా క్యాంపుకి రండి. పన్నెండు బొమ్మలుండాల్సిన గోడ మీద ఆరే ఉంటాయి. అతని చేతికి పెన్సిలిచ్చి, మిగతా ఆరూ గీయమనండి."